ఆరో వ్యక్తి

ఆ వేసవిలో మా ఇంట్లో ముగ్గురం మూడు రకాలుగా అలసిపోయాం. బావ మీటింగులతో, అక్క మెట్లతో, నేను చదువుతో. నలభై దాటాక మళ్లీ బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో నన్నడక్కండి, నా నడుమునడగండి.

కాలేజీలో నా కాంట్రాక్టు పని ఆ ఏడు పోయింది. నగరంలో భూమి, ఇళ్లు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతున్నాయో, ఉండటానికి కట్టిన ఇల్లు ఎక్కడో పెద్ద పెట్టుబడుల లెక్కల్లో పెరిగే సొమ్ముగా ఎలా మారిపోతోందో పరిశోధించే పద్ధతుల మీద ఒక సంస్థ వేసవి శిక్షణ పెట్టింది. మంచి నివేదిక ఇచ్చినవాళ్లకి వాళ్ల సర్వేలోనే ఉద్యోగం ఉంటుందన్నారు. చేరాను. మొదటి రోజు నేను గదిలోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పడానికొచ్చాననుకుని. వెళ్లి వాళ్ల మధ్యనే కూర్చుంటే పక్కమ్మాయి పాపం బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

మాకు నేర్పే ఆవిడకి మౌనం మేడమ్ అని పేరు పెట్టుకున్నాం. ప్రశ్న అడిగి ఊరుకోవాలి, ఎదుటివాళ్లు ఊరుకుంటే మనమూ ఊరుకోవాలి, కాసేపటికి అసలు మాట దానంతటదే వస్తుంది అని ఆవిడ మొదటి పాఠం. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి సాధన చేయించేవారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఎదుటి పిల్ల జవాబు కోసం తడుముకుంటుంటే జాలేసి నేనే అందించేదాన్ని.

"మీరు ఇంటర్వ్యూ చెయ్యడం లేదండీ, పరీక్షలో చిట్టీ అందిస్తున్నారు" అన్నారు మేడమ్.

ఇంటికొస్తే వేరే పాఠశాల. మాది నాలుగంతస్తుల పాత భవనం, మేముండేది పై అంతస్తు. అమ్మ పేరు మీదున్న అద్దె ఒప్పందం అమ్మ పోయాక అక్క పేరు మీదికి వచ్చింది. పెళ్లయ్యాక బావ కూడా మా దగ్గరికే వచ్చేశాడు. ఇల్లరికం కూడా అద్దింట్లోనేనా అని వాళ్ల వాళ్లు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. ఆ ఏడాది ఎండలు ముదరకముందే భవనాన్ని ఎవరో కొన్నారు. కొన్నవాళ్ల మొహం మేమెవరం చూడలేదు. చూసిందల్లా లిఫ్ట్ ఆగిపోవడం. ఆ తరవాత గోరుచుట్టు మీద రోకటిపోటులా నీళ్ల మోటారు కూడా ఆగింది. కింద కుళాయి దగ్గర పట్టుకుని డబ్బాలతో పైకి మోసుకోవాలి.

ఇందులో పెద్ద ఎకసెక్కం ఏమిటంటే మా బావ లిఫ్ట్ మెకానిక్. పగలంతా ఊరందరి లిఫ్టులూ నడిపించి, సాయంత్రం రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చేవాడు. లిఫ్ట్ యంత్రం ఉన్న పైగదికి కొత్త యజమాని తాళం వేయించాడు.

"పగలగొట్టరాదూ, నీకెంతసేపు పని" అన్నాను ఒకరోజు.

"పగలగొడితే కేసు పెడతారు. అదే వాళ్లక్కావాలి" అన్నాడు బావ, బూట్లు విప్పే ఓపిక లేక గోడకి చేరగిలబడి.

యజమాని తరఫున ఒక ఏజెంట్ వచ్చేవాడు. మనిషి తేనె పూసిన కత్తి. ఒక్కో తలుపూ విడివిడిగా తట్టి, వానలు పడేలోపు ఖాళీ చేస్తే వేరే ఇల్లు చూపిస్తామని, సామాను కూడా వాళ్లే చేరుస్తారని చెప్పేవాడు. దానికి మందుగా బావ కమిటీ పెట్టి తనే కార్యదర్శి అయ్యాడు. ఎవరూ ఏజెంటుతో విడిగా మాట్లాడకూడదు. వేసవి చివర అద్దె తగాదాలు తేల్చే గృహ విచారణాధికారి ముందుకి అన్ని కుటుంబాలూ ఒక్కటిగా వెళ్లి, మేం కదలం, లిఫ్ట్ బాగుచేయించండి అని అడగాలి. పై వాళ్లు దిగేందుకూ కింది వాళ్లు ఎక్కేందుకూ సమానంగా ఉంటుందని రెండో అంతస్తు మెట్ల మలుపులో మీటింగులు జరిగేవి.

"ఒక్క గడప కదిలినా అందరం కదిలినట్టే" అనేవాడు బావ ప్రతి మీటింగులోనూ. గడప గడపకీ తిరిగి అందరినీ ఒక తాటి మీదికి తెచ్చింది అతనే. ఆ వేసవిలో నేను చూసిన బావ అంతకుముందు ఎప్పుడూ లేడు. భోజనం దగ్గర కూడా నిటారుగా కూర్చునేవాడు.

శిక్షణలో యాజమాన్యం జాడ తీసే పాఠం వచ్చినప్పుడు నేను మా భవనాన్నే తీసుకున్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూస్తే యజమాని ఒక కంపెనీ. ఆ కంపెనీని కొన్నది ఇంకో కంపెనీ. దానికి పైన ఒక ఫండు, ఆ ఫండులో ఎక్కడెక్కడివాళ్లో దాచుకున్న సొమ్ము. డబ్బాలో డబ్బా, దాంట్లో ఇంకో డబ్బా. ఆఖరి డబ్బా మూత తీస్తే లోపల మనిషి లేడు.

బావకి అదంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని, "సరే, ఎవరింటి ముందు కూర్చోవాలో చెప్పు చాలు. అందరం వెళ్లి కూర్చుంటాం" అన్నాడు.

"అలాంటి ఇల్లు లేదు బావా."

"ఇంత చదువు చదివి ఒక్క గుమ్మం చూపించలేవా మరదలా" అని నవ్వాడు. నవ్వాడు గానీ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు. వెతికింది నేనే కాబట్టి ఆ గుమ్మం లేకపోవడం కూడా నా తప్పే అన్నట్టు అనిపించింది నాకు.

చివరి నివేదికకి ఒక భవనంలో ఉండేవాళ్లతో మాట్లాడాలి. అందరూ వేరే వీధులు ఎంచుకున్నారు. ఆ ఎండలో కొత్త వీధులు తిరిగే ఓపిక నాకు లేదు. మా భవనమే అన్నాను.

మేడమ్ నా అనుమతి కాయితం చదివి పక్కన పెట్టారు. "సొంతిల్లు పరిశోధిస్తే పరిశోధనన్నా చెడుతుంది, ఇల్లన్నా చెడుతుంది" అన్నారు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదండీ."

"అది అన్నవాళ్లెవరూ ఇంట్లోవాళ్ల దగ్గర సమ్మతి పత్రం తీసుకోలేదు" అన్నారు మేడమ్. అయినా సంతకం పెట్టారు. ఆవిడా అలిసిపోయి ఉన్నారనుకుంటా.

సమ్మతి పత్రం అంటే మేం ఇచ్చే మాట. మీరు చెప్పింది ఎవరు చెప్పారో ఎవరికీ చెప్పం, వద్దనుకుంటే ఎప్పుడైనా మీ మాటలు వెనక్కి తీసుకోవచ్చు అని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. పేర్లు రాయకూడదు. మొదటి వ్యక్తి, రెండో వ్యక్తి అని రాసుకోవాలి. శిక్షణలో అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఇదే. ఇది తప్పినవాళ్లు ఇంక ఎవరి తలుపూ తట్టడానికి పనికిరారు అనేవారు మేడమ్.

అయిదుగురితో మాట్లాడటం అయ్యాక అక్క అంది, "అందర్నీ అడిగావు. నన్నడగవా?"

"నిన్నేం అడుగుతానే, పొద్దస్తమానం చూస్తూనే ఉన్నాగా."

"చూస్తే తెలిసేదైతే నీకా శిక్షణెందుకు? రేపు లాబుకి రా."

అక్క పని కట్టుడు పళ్లు చేసే లాబులో. సాయంత్రం వెళ్లేసరికి మిగతావాళ్లు వెళ్లిపోయారు. బల్ల మీద వరసగా సున్నపు అచ్చులు, ఎవరెవరివో దవడలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అక్క ఏప్రన్ విప్పకుండానే స్టూలు మీద కూర్చుని కాళ్లు ఇంకో స్టూలు మీదికి చాపింది. మోకాళ్లకి పట్టీలు కట్టుకుని ఉంది. ఇంట్లో ఎప్పుడూ చూడలేదు నేనవి.

"చదువు, నీ కాయితం" అంది.

చదివాను. ఎవరికీ చెప్పం అన్న చోట ఆపింది. "మీ బావక్కూడానా?"

"ఎవరికీ చెప్పకూడదు."

సంతకం పెట్టింది. నేను పద్ధతి ప్రకారం, "ఈ భవనంలో ఉండటం గురించి మీరేమనుకుంటున్నారో చెప్పండి" అన్నాను. నన్నెత్తుకు పెంచిన మనిషిని మీరు అనేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అక్క మాట్లాడలేదు. నోటి దాకా వచ్చిన వేళాకోళం మింగి నేనూ మాట్లాడలేదు. అన్ని వారాల శిక్షణలో నాకు చేతకాని పని ఆ సాయంత్రమే చేతనయింది.

"నేను ఒప్పేసుకున్నా" అంది అక్క. "ఏజెంటు లాబుకొచ్చాడు. సంతకం పెట్టా. వాళ్లిచ్చే ఇల్లు నేల మీదే, ఒక్క మెట్టు కూడా లేదు. కుళాయి వంటింట్లోనే ఉంది. వెళ్లి తిప్పి చూశా, నీళ్లొచ్చాయి."

"బావకి?"

"రోజూ చెబుదామనే అనుకుంటా. ఆయన మీటింగు నుంచి వచ్చి ఎవరేమన్నారో చెప్తుంటే ఆ మొహం చూసి నోరు రాదు." అచ్చు ఒకటి తీసి అంచు చూసి మళ్లీ పెట్టింది. "అందరూ ఓడిపోతామని భయపడుతున్నారు. నాకు ఆయన గెలుస్తారనే భయం. గెలిస్తే ఆ మెట్లే కదా నాకు, బతికినన్నాళ్లూ. లిఫ్ట్ బాగుచేస్తారంటావు. ఇవాళ చేస్తారు, మళ్లీ ఆపుతారు. ఇంక నావల్ల కాదే."

"అక్కా, నువ్వు..."

"నేను చెల్లెలికి చెప్పలేదు" అంది. "కాయితం పట్టుకొచ్చిన మనిషికి చెప్పా. రాసుకో."

ఆరో వ్యక్తి అని రాసుకున్నాను.

తరవాత వారాలు మా ఇంట్లో నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను. బావ విచారణ కోసం అర్జీ రాయిస్తుంటే రాసిపెట్టాను. 'అన్ని కుటుంబాలూ ఏకగ్రీవంగా' అన్న మాట నా చేతుల మీదుగానే పడింది. అక్క పక్కన కూర్చుని బట్టలు మడత పెడుతోంది. తల ఎత్తలేదు.

అర్జీ అయ్యాక బావ కలం మూతపెట్టి, "నువ్వు చాలామందితో మాట్లాడావు కదా. ఎవరైనా జారేట్టున్నారా?" అన్నాడు.

"అది చెప్పకూడదు బావా."

"పేరొద్దు. ఉన్నారా లేరా, అంతే."

లేరు అంటే అబద్ధం. ఉన్నారంటే మాట తప్పినట్టు. ఊరుకున్నాను. ప్రశ్న అడిగి ఊరుకుంటే ఏమవుతుందో నేర్పారు గానీ, ప్రశ్న వేయించుకుని ఊరుకుంటే ఏమవుతుందో మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

"మౌనం అర్ధాంగీకారం" అన్నాడు బావ నెమ్మదిగా. ఆ రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. పొద్దున్నే, "వయొలిన్ మాస్టారే" అన్నాడు.

మాస్టారు మూడో అంతస్తులో ఒక్కరే ఉండేవారు. డెబ్భై దాటిన మనిషి, పిల్లలకి వయొలిన్ నేర్పేవారు. ఏజెంట్ ఒకరోజు వాళ్లింటికి వెళ్తే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపారట. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వడం ఆయన దృష్టిలో మాట్లాడటం కిందికి రాదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు కమిటీలో. ఆయన్ని మీటింగులకి పిలవడం మానేశారు. అప్పటిదాకా ఎవరో ఒకరు ఆయన నీళ్ల డబ్బా కూడా మోసుకొచ్చేవాళ్లు. అదీ మానేశారు. మాస్టారు ఎవరినీ ఏమీ అడగలేదు. చిన్న డబ్బాలు రెండు కొనుక్కుని తనే మోసుకోవడం మొదలుపెట్టారు.

నేను మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. పేర్లు చెప్పకుండా ఉన్నదంతా చెప్పాను.

"ఆ మాట మీది కాదు. ఎవరు చెప్పారో వాళ్లది" అన్నారు మేడమ్. "పరిశోధకురాలిగా మీరు చెయ్యగలిగిందేమీ లేదు. ఇరుగుపొరుగుగా ఏమన్నా ఉందేమో చూసుకోండి."

ఆ సాయంత్రం నుంచి మాస్టారి డబ్బాలు నేను మొయ్యడం మొదలుపెట్టాను. బావ మెట్ల మీద ఎదురై ఆగాడు.

"కార్యదర్శి మరదలు ఆయనకి నీళ్లు మోస్తే చూసేవాళ్లేమనుకుంటారు?"

"ఆయనకి దాహమేసిందనుకుంటారు" అన్నాను.

అక్కతో కూడా మాట్లాడాను, చెల్లెలిగానే. "మాస్టారి సంగతి చూస్తున్నావా?" అన్నాను అంతే. ఆమె కిటికీ దగ్గర నిలబడి మోకాలు రుద్దుకుంటూ కింద కుళాయి దగ్గరున్న వరస చూస్తూ ఉండిపోయింది. కోపం వచ్చింది నాకు అక్క మీద, బావ మీద, పద్ధతుల మీద. అందరి కన్నా ఎక్కువ, మొహమే లేని ఆ యజమాని మీద. వాడు మమ్మల్ని తిట్టలేదు, గెంటలేదు. మేం ఒకరికొకరం బరువయ్యేదాకా ఊరికే కూర్చున్నాడు.

విచారణకి ముందు ఆఖరి మీటింగు. మెట్ల మలుపులో అందరూ ఉన్నారు, బావ నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ రోజు క్లాసు నుంచి నేను ఆలస్యంగా వచ్చాను. నేను వచ్చేసరికే మాస్టారు డబ్బా పట్టుకుని కింది నుంచి ఎక్కుతున్నారు. ఆయన మూడో అంతస్తుకి పోవాలంటే మీటింగు మధ్యలోంచే పోవాలి. బావ మాట ఆపాడు. అందరూ గోడవారగా జరిగి దారిచ్చారు. ఒక్కరూ పలకరించలేదు.

ఆయన వెనకాలే అక్క, పని నుంచి వస్తూ, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. మలుపులోకొచ్చి, "మాస్టారూ, ఇలా ఇవ్వండి" అని డబ్బా అందుకుని కింద పెట్టింది. తనూ మెట్టు మీద కూర్చుంది. ఊపిరి కుదుటపడేదాకా ఆగింది.

"ఏజెంటుతో మాట్లాడింది మాస్టారు కాదు. నేను" అంది. "సంతకం కూడా పెట్టేశా. మెట్లెక్కలేకపోతున్నా."

బావ ఆమెని చూశాడు, తరవాత నన్ను చూశాడు. నాకు ముందే తెలుసని నా మొహంలోనే ఉండి ఉంటుంది. చేతిలో అర్జీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"సంతకమా?"

"మోకాళ్లు."

"లిఫ్ట్ ఆగినప్పటి నుంచి" అంది అక్క.

మాస్టారు వంగి తన డబ్బా తీసుకున్నారు. నేను చెయ్యి చాపితే, "వద్దమ్మా, అలవాటైపోయింది" అని పైకి వెళ్లిపోయారు.

మర్నాడు బావ పనికి సెలవు పెట్టి, సంచి భుజాన వేసుకుని పైగది తాళం పగలగొట్టాడు. సాయంత్రానికి లిఫ్ట్ కదిలింది. ఎవరూ కేసు పెట్టలేదు. అప్పటికి వాళ్లకి ఆ అవసరం తీరిపోయిందేమో. మొదటి వాన పడిన వారంలో మా సామానంతా ఆ లిఫ్టులోనే దిగింది. బావ బటన్ దగ్గర నిలబడి ఒక్కో పెట్టెకీ తలుపు పట్టుకున్నాడు. విచారణ వాయిదా పడింది. మళ్లీ తేదీ వచ్చేలోపు మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు.

కొత్తింట్లో కుళాయి తిప్పితే నీళ్లొచ్చేవి. అక్క మోకాళ్లు కాస్త తెరిపిన పడ్డాయి. బావ అక్కని ఒక్క మాటా అనలేదు. అసలు మాటలే తగ్గించాడు, అంతే. అన్నం దగ్గర మళ్లీ వంగి కూర్చుంటున్నాడు.

నివేదిక ఇచ్చే ముందు అక్క, "నా మాటలు తీసెయ్. చెప్పాల్సిన వాళ్లకి చెప్పేశాగా" అంది. తీసేశాను. మేడమ్ పేజీలు తిప్పి, "అయిదుగురే ఉన్నారే, ఆరో వ్యక్తి?" అన్నారు.

"వెనక్కి తీసుకున్నారండీ."

ఆవిడ ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. చివరికి ఆవిడే, "సర్వేలో చేరండి" అన్నారు. ఆ ఉద్యోగం కోసం వేసవంతా ఎదురుచూశాను. వచ్చాక ఇంటికెళ్లి పడుకున్నాను.

బావ ప్రతి ఆదివారం పాత భవనానికి వెళ్లొచ్చేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు, చేతులకి గ్రీజుతో వచ్చేవాడు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను. మా శిక్షణలో ఒక పద్ధతి ఉంది. చీకటి పడే వేళ వీధికి అటువైపు నిలబడి, వెలిగే కిటికీలు లెక్కపెట్టాలి. ఎంతమంది మిగిలారో ఏ ఆఫీసూ చెప్పని సంగతి అలా తెలుస్తుంది. నిలబడి చూశాను. మూడో అంతస్తులో ఒక్కటే వెలుగుతోంది.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "ఎవరున్నారు?"

"మాస్టారొక్కరే" అన్నాడు బావ. చాలా రోజులకి అతను నోరు విప్పడం. "లిఫ్ట్ బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎక్కండి మాస్టారూ అంటే దణ్ణం పెట్టి మెట్ల మీదే పోతున్నారు. నీళ్ల డబ్బాతో సహా."

పై ఆదివారం మేం బయల్దేరుతుంటే అక్క కూడా చెప్పులేసుకుంది.

కుళాయి దగ్గర మాస్టారి డబ్బా నిండుతోంది. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. అక్కని చూసి తల పంకించారు. డబ్బా నిండాక అక్క వంగి దాన్ని అందుకుంది. ఆయన వద్దనలేదు, రమ్మనలేదు. మెట్ల వైపు నడిచారు. బావ గబగబా ముందుకెళ్లి లిఫ్ట్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. లోపల దీపం వెలిగింది. అద్దం కూడా తుడిచి ఉంది.

అక్క లిఫ్ట్ ముందునుంచే వెళ్లింది. ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని, మాస్టారి వెనక మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.